సగం చాయ్

ఎక్కడైనా పాలు పొంగి పొయ్యి మీద మాడిన వాసన వస్తే అందరికీ ఏం గుర్తుకొస్తుందో తెలియదు గాని, నాకు మాత్రం కడుపు మండుతుంది. మొన్న ఆదివారం మహేశ్వరం దారిలో కొత్తగా పెట్టిన ఒక కేఫ్‌లో అదే వాసన వచ్చింది. చుట్టూ కాస్త జొన్న చేను, చేను మధ్య నడవడానికి మట్టి బాట, బాట చివర వెదురు పందిరి కింద బల్లలు. పట్నం నుంచి కార్లలో వచ్చినవాళ్లు పిల్లల చేతులు పట్టుకొని ఆ బాట మీద అటూ ఇటూ నడిచి, అలసిపోయి వచ్చి మట్టి కప్పుల్లో చాయ్ తాగుతున్నారు. తండ్రి వేలు పట్టుకొని ఎగురుతూ నడుస్తున్న ఒక పిల్లను చూస్తే, నలభై దాటిన నాకు లోపల చురుక్కుమంది. నా పక్కనే కూర్చున్న మా అక్క స్వరూప మాత్రం నిమ్మళంగా మెనూ చదువుకుంటోంది. ఆ నిమ్మళం ఆమెకు పుట్టుకతో వచ్చింది.

నా చిన్నప్పుడు మేం కాటేదాన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. బాపు ప్లాస్టిక్ పైపులు చేసే షెడ్డులో పనిచేసేవాడు. ఆయన అంగీ ఎన్ని నీళ్లలో జాడించినా కాలిన వాసన పోయేది కాదు. శంషాబాద్ అవతలి పల్లెలో పుట్టి, వాన మీద పండే చెలకల్లో పెరిగిన మనిషికి ఆ షెడ్డు జైలే. అందుకే ఆదివారం తెల్లవారగానే తలస్నానం చేసి, భుజం మీద తెల్ల తువ్వాల వేసుకొని, "ఆరు దినాలు పొగ మింగుతున్న, ఒక్క దినమన్న మంచి గాలి మింగనియ్యి" అని అమ్మకు చెప్పి బయలుదేరేవాడు. శంషాబాద్ దాకా బస్సు, అక్కడి నుంచి పొద్దుగూకే దాకా నడక. వెంట అక్క. నన్ను తీసుకుపొమ్మని ఎంత ఏడ్చినా "చిన్నది నడ్వది" అనే రెండు ముక్కలతో నా రాత రాసేసేవాడు. నేను అమ్మ పక్కన కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరేదాన్ని, ఒక్కో రాయిని అక్క అనుకొని దూరంగా విసిరేదాన్ని.

సాయంత్రం ఆమె వచ్చేది, ఒడి నిండా కాలం వేసుకొని. వానలు వెనుకబట్టాక సీతాఫలాలు, బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలు, చలికాలంలో అనపకాయలు, ఆ తర్వాత నాలుక గరగరలాడించే రేగుపండ్లు. నాకూ సగం పెట్టేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పెట్టేవాళ్ల చెయ్యి వేరు, తెచ్చుకునే చెయ్యి వేరు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, నాకు పొరుగింటి దాకా పోయే పని లేకుండా ఇంట్లోనే ఉంది పుల్లకూర. చివరికి ఆమె గౌను అంచుకు పట్టుకొచ్చిన ఉత్తరేణి గింజల మీద కూడా నాకు ఓర్వలేనితనమే. ఆమె నిద్రపోయాక ఒక్కొక్కటీ పీకి నా గౌనుకు అంటించుకొని, నేనూ చేన్ల వెంట నడిచొచ్చినట్టు పడుకునేదాన్ని.

అన్నిటికంటే ఎక్కువ మండించింది సత్తెమ్మ హోటల్ ముచ్చట. హోటల్ అంటే పెద్దదేం కాదు, బాట పక్కన రేకుల పందిరి, మట్టి పొయ్యి, రెండు బెంచీలు. ఎంత దూరం నడిచినా బాపు అక్కడ ఆగాల్సిందే. సత్తెమ్మ అడగకుండానే ఉడికిన పల్లికాయ గిన్నె ముందర పెట్టేదట, వానపడితే పొయ్యి దగ్గరికి జరగమని పిలిచేదట. బాపు "వన్ బై టూ" అనేవాడట. ఒక చాయ్‌ని రెండు గిలాసల్లో సగం సగం పోసేది సత్తెమ్మ. ఒక సగం బాపుకు, ఒక సగం అక్కకు. అది వింటుంటే నాకు చాయ్ మీద కాదు, ఆ రెండో సగం మీద ప్రాణం పోయేది. ఇంట్లో ఒక గిలాస నీళ్లను రెంటిలో పోసి అమ్మకు ఇస్తే, "నాకెందుకే, నువ్వే తాగు" అని బట్టలు పిండుకునేది.

నాకు ఏడేళ్లు నిండిన చలికాలంలో ఒక ఆదివారం గడపకు అడ్డం పడుకున్నాను. దాటి పొమ్మన్నాను. బాపు నవ్వి, "నడ్వగల్తవా? నడిమిట్ల ఎత్తుకొమ్మని ఏడ్వొద్దు మల్ల" అన్నాడు. ఏడవనని ఒట్టు పెట్టాను.

ఆ రోజును నేను ఇప్పటికీ మొదటి నుంచి చివరిదాకా చెప్పగలను. శంషాబాద్‌లో బస్సు దిగినప్పటి చలి, ఎర్ర మట్టి మీద మంచుతడి, కోసిన జొన్న మోళ్లు పిక్కలకు గీసుకోవడం, కందిచేలో పురుగులు ఏరుతున్న కొంగలు, బాపు కోసిచ్చిన పచ్చి కందికాయ వగరు. మధ్యలో నా చెప్పు తెగింది. "చిన్నది నడ్వది" అంటాడని ఎవరికీ చెప్పకుండా చెప్పులు రెండూ చేతిలో పట్టుకొని ముళ్లల్లోనే నడిచాను.

సత్తెమ్మ మమ్మల్ని దూరం నుంచే చూసింది. "అగో, ఇయ్యాల ముగ్గురొచ్చిండ్రు! గీమెనా చిన్నది? దా బిడ్డా, కూసో" అని బెంచీ తుడిచింది. పాలు పొంగి పొయ్యిలో పడి చుయ్యిమన్నాయి. బాపు నా తల మీద చెయ్యి పెట్టి, ఎంతో సంబరంగా, "ఒకటి వన్ బై టూ, ఒకటి ఫుల్లు. ఫుల్లు మా చిన్నదానికి. మొదటిసారి నడిచొచ్చింది" అన్నాడు.

నా ముందు నిండు గిలాస వచ్చింది. వాళ్లిద్దరి ముందూ సగం సగం.

"నాకు సగమే కావాలె" అన్నాను.

"పిచ్చిదానా, నిండ ఇస్తే సగం కావాల్నంటవేందే!" అని బాపు, సత్తెమ్మ, అక్క ముగ్గురూ నవ్వారు. వాళ్లిద్దరూ ఒకేసారి చాయ్ ఊదుకున్నారు. ఆ ఊదడం చూసి నా కళ్లల్లో నిప్పులు పడ్డాయి. నా గిలాస అక్క కాలి మీద పడింది. చెయ్యి జారిందనుకున్నారు అందరూ. జారలేదు, నేనే తోశాను.

అక్క కేక పెట్టింది. బాపు తువ్వాలను నీళ్ల కుండలో ముంచి ఆమె పాదానికి చుట్టి, వెంటనే నా వైపు తిరిగి, "నీకు కాలలేదు గదా బిడ్డా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. తిరుగు దారంతా ఆమెను వీపు మీద ఎక్కించుకొని నడిచాడు. కాసేపటికే అక్క ఆయన భుజం మీద చెంప పెట్టి నిద్రపోయింది. ఆమె నిద్రపోయిందని తెలిసి కూడా బాపు ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇది ఫలానా వాళ్ల చెలక, ఇక్కడ మీ తాత కౌలుకు ఆముదాలు వేసిండు, ఈ ఒడ్డు మీదనే నేను పడి పన్ను విరగ్గొట్టుకున్న, నువ్వు పుట్టిన్నాడు ఈడికెళ్లే ఉరుక్కుంట పోయిన అని. చెప్పులు చేతిలో పట్టుకొని వెనక నడుస్తూ అన్నీ నేనే విన్నాను. ఒక్క మాటా నాకోసం కాదు.

ఆ తర్వాత నన్ను మళ్లీ తీసుకుపోలేదు. కోపంతో కాదు. "చిన్నదాన్కి హోటల్ ముచ్చటొద్దు, కాల్చుకుంటది" అన్నాడు. చెయ్యి జారలేదన్న నిజం చెప్తే తీసుకుపోతాడేమో అనిపించేది, చెప్తే ఇక ఎప్పటికీ తీసుకుపోడేమో అని కూడా అనిపించేది. అలాగే ఏళ్లు గడిచాయి. అక్క ఆదివారాలు మాత్రం చాలాకాలం సాగాయి.

ఆ బాటలో సగం ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ లోపల ఉంది, మిగతా సగంలో ప్లాట్ల హద్దురాళ్లు పాతారు. సత్తెమ్మ పందిరి ఎక్కడుండేదో చూపించమంటే సర్వీసు రోడ్డు మీద నిలబడి ఇటా అటా అని తడుముకోవాల్సిందే. బాపు పోయి నాలుగేళ్లయింది. మొన్న ఆ కేఫ్‌లో, పక్కన అక్క ఉండగా, ఇక దాచి లాభం లేదనిపించింది.

"అక్కా, ఆ దినం సత్తెమ్మ హోటల్ల నీ కాలు మీద చాయ్ నేనే కావాల్నని పోసిన. బాపు నిన్ను ఎత్తుకొని బస్సు దాకా నడిచిండు చూడు, ఆ దినం."

అక్క మెనూ మీంచి తలెత్తింది. "ఏ దినం? నాకు యాదికే లేదే" అంది.

ముప్పై ఏళ్లకు పైగా మోసిన తప్పు ఆమెకు గుర్తే లేదు. క్షమించాల్సిన పని కూడా ఆమెకు పడలేదు. ఆమెకు ఒకటి పోయినా లెక్కకు రానన్ని ఆదివారాలు ఉన్నాయి. నాకున్నది అదొక్కటే. మళ్లీ కడుపు మండింది.

కానీ అక్క మెనూ పక్కన పెట్టి నా దగ్గరికి జరిగింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "బాపు నన్ను ఎత్తుకున్నడా? ఎట్ల ఎత్తుకున్నడే? నాతోని ఏమన్న మాట్లాడిండా? జర చెప్పవే."

పుట్టి బుద్ధెరిగాక ఆమె దగ్గర లేనిది నా దగ్గర ఉండడం అదే మొదలు. చెలకల పేర్లు, తాత ఆముదాలు, విరిగిన పన్ను, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"ఏమో అక్కా, నాకూ యాదికి లేదు" అన్నాను.