నా ఒంట్లో షుగర్ ఎవరి ఫోనులో మోగాలి

రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ బిళ్ల ఒకటి నా ఎడమ జబ్బకు అంటించి, "ఇగ నీకు ఫికర్ లేదమ్మా" అన్నాడు నా కొడుకు. షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లూ దానితో కాపురం చేసింది నేను. ఫికర్ ఉందని వాడితో ఎప్పుడన్నాను?

ఒంట్లో షుగర్ ఎంతుందో ఆ బిళ్ల ఎప్పటికప్పుడు ఫోనుకు చెబుతుంది. నా ఫోనుకు కాదు, ఇంట్లో పెట్టిన ఒక చిన్న డబ్బా మీదుగా వాడి ఫోనుకు. హైటెక్ సిటీ ఆఫీసులో కూర్చుని, కొండాపూర్ ఫ్లాట్‌లో నేను ఏం మింగానో చూస్తాడు.

"ఏం తిన్నవమ్మా? పైకి పోతుంది."

"అరటిపండు తిన్న. తొక్క పడేసిన. అది గూడ రాసుకో."

నవ్వి ఫోను పెట్టేసేవాడు. నాకు నవ్వు రాలేదు. నా ఒంటికి అంటుకున్న వస్తువు నాతో తప్ప అందరితో మాట్లాడుతోంది.

సోమవారం నాకు ఒక్కపొద్దు. పగలంతా ఏమీ తినను, సాయంత్రం దీపం పెట్టాకే అన్నం. పెళ్లి కాకముందు నుంచీ ఉంటున్నాను. షుగర్ వచ్చాక బస్తీ దవాఖాన డాక్టరమ్మను అడిగాను. ఆ రోజు గోళీ ఎప్పుడు వేసుకోవాలో, ఎట్లా ఉంటే ఒక్కపొద్దు విడవాలో విడమరిచి చెప్పింది. ఆవిడ తిడితే నన్నే తిడుతుంది, నా మొహం చూసి తిడుతుంది. అందుకే నడిచి వెళ్తాను. అక్కడి బెంచీ మీద నాలాంటి వాళ్లు నలుగురుంటారు. ఒకరి పాదాలు ఒకరం చూసుకుంటాం, ఎవరికి పుండు పడిందో, ఎవరికి తిమ్మిరెక్కుతోందో. నాకు కావలసిన సాయం అంతే.

ఆ సోమవారం కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లారు. మధ్యాహ్నం చాప వేసుకుని, ఎడమ పక్కకు ఒత్తిగిలి, ఆ జబ్బే తలకింద పెట్టుకుని పడుకున్నాను. తలుపు దబదబా తెరుచుకుంది. లేచి చూసేలోగా ఎదురింటి ఆవిడ నా తల తన ఒళ్లోకి లాక్కుంది. మా ఇంటి తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గర ఉంటుంది.

"పిన్నిగారూ, నోరు తెరవండి! మీ అబ్బాయి ఫోన్ చేశారండి, షుగర్ పడిపోయిందంట!"

వెనకే గేటు దగ్గరి వాచ్‌మన్. "అవ్వా, కండ్లు దెరువు అవ్వా!"

"తెరిచే ఉన్నయ్ గదరా!" అనడానికి నోరు తెరిచాను. అదే తప్పయింది. ఆవిడ గిన్నెడు గులాబ్‌జామూన్ పాకం నా నోట్లో పోసింది. చక్కెర కలిపే టైము లేదట. సగం గొంతులోకి, సగం మెడమీదికి. ఉమ్మితే చాప పాడవుతుందని మింగాను. ఒక్కపొద్దు అక్కడే పోయింది.

పావుగంట తర్వాత, అప్పుడు మోగింది నా ఫోను.

"అమ్మా, ఇప్పుడు బాగ పైకి పోయిందే! ఏం తాగిచ్చిన్రు?"

వాడి ఫోను కూత పెట్టగానే ఒక్కపొద్దుతో నేను పడిపోయాననుకున్నాడు. ఎదురింటావిడకు చేశాడు. వాచ్‌మన్‌కు చేశాడు. అంబులెన్సు కూడా అడిగాడట. నా ఫోను నా చాప పక్కనే ఉంది. నాకు మాత్రం చెయ్యలేదు.

సాయంత్రం వచ్చి హుకుం జారీ చేశాడు. "ఇగ ఒక్కపొద్దు బంద్. ఒక్కదానివి దవాఖానకు పోవుడు బంద్."

"నిన్ను అడిగిననా?"

"నీ మంచికే గదమ్మా."

ఈ మాట వింటే నా ఒళ్లు మండుతుంది. నా మంచేదో అందరికీ తెలుసు, నేనొక్కదాన్నే అడగదగని మనిషిని.

మర్నాడు వాడి కారులోనే పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆ డాక్టరు కంప్యూటర్ చూస్తూ మా వాణ్ణి అడిగాడు. "అమ్మకు కళ్లు తిరుగుతాయా? టైముకు తింటారా?" మా వాడు జవాబులు చెబుతున్నాడు.

నేను బల్లమీద గట్టిగా కొట్టాను. "కండ్లు నావి. కడుపు నాది. నన్నడుగు, సారూ."

ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. నిన్న ఫోను కూత పెట్టినప్పుడు ఎట్లా పడుకున్నావని అడిగాడు. చెప్పాను. బిళ్ల మీద బరువు పడితే ఒక్కోసారి అది ఉన్నదానికన్నా తక్కువ లెక్క చూపిస్తుందట. నిన్న షుగర్ నిజంగా పడిపోయి ఉండకపోవచ్చట. బిళ్ల తీసేయమంటావా అని నన్నే అడిగాడు.

"ఎందుకు తీసుడు? పైసలు వోసి కొన్నరు. నా ఫోన్ల వెట్టున్రి. ఏది తింటే ఎంతైతదో నేను జూసుకుంట."

"నీకు ఇంగ్లీషు రాదు గదమ్మా," అన్నాడు మా వాడు.

"అంకెలు రావా? బస్సు నంబరు జూసి నిన్ను బడికి దోలింది ఎవరురా?"

మరీ కిందికి పోతే వాడికీ మోగేట్టు ఉంచమన్నాను. మొండిదాన్నే గానీ చావు తెచ్చుకునే దాన్ని కాదు. కానీ మోగితే మొదటి ఫోను నాకు రావాలి. నేను ఎత్తకపోతేనే ఊరినంతా పిలవాలి. డాక్టరు తల ఊపాడు. ఒక్కపొద్దు సంగతి ఆయనే నాతో మాట్లాడి, గోళీ వేళ మళ్లీ చెప్పాడు. ఇంటికి రాగానే మా వాడి చేతే ఆ లెక్క నా ఫోనులో పెట్టించాను.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది.

"అమ్మా, ఎట్లున్నవ్? ఎంతున్నది?"

చూసి చెప్పాను. బాగానే ఉన్నానన్నాను. ఈ ఒక్క మాట అడగడం వాడికి ముందే వచ్చి ఉంటే పాకం నా నోట్లో పడేది కాదు. ఆ కోపం నాకు ఇంకా దిగలేదు, వాడికి ఆ మాటా చెప్పాను.