రెక్కల తూకం

విరుదునగర్‌లో పప్పుల అంగట్లో పెరిగినవాణ్ణి. ఏది కొన్నా పైన కొసరు రాబట్టకపోతే నాకు ఆ పూట అన్నం సయించేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మద్రాసులో రేడియోతో నడిచే బొమ్మ హెలికాప్టర్ ఒకటి, పాతది, బేరమాడాను. పైతొడుగు లేదు. ఇంజను, తోక, కమ్మీలు, అంతే. అమ్మేవాడు నాతో వేగలేక ఒక జత చెక్క రెక్కలు కొసరుగా పడేశాడు, ఇంకా నునుపు చేయనివి. నెగ్గాననుకున్నాను.

తొడుగు కట్టింది కోవిల్‌పట్టిలో ఉండే మా అక్క మొగుడు. అగ్గిపెట్టెల కార్ఖానాలో దుంగల నుంచి పలచని చెక్కపట్టీలు తీసే పని బావది. ఎన్నికల సభకొచ్చి కాలేజీ మైదానంలో దిగిన అసలు హెలికాప్టర్‌ను ఆయన ఒక్కసారి చూశాడు. ఆ చూపుతోనే ఆరు నెలల ఆదివారాలు కూర్చుని, ఆ పట్టీలే తడిపి, వంచి, అతికించి, కిటికీలూ తలుపులతో సహా దాని ఒళ్లు కట్టాడు. రెక్కలు రెండూ ఒకే బరువుకు తేవడం నా వంతు. తూకం నాకు కొత్తా? ఏలకులు తూచే చిన్న తక్కెడ తీసి, బరువు రెక్కను గరుకు కాగితంతో రుద్దుతూ తూచాను.

మా గోడౌను వెనక మొదటిసారి ఇంజను అందుకోగానే బొమ్మంతా చలిజ్వరం వచ్చినట్టు వణికింది. నేల వదలకముందే ఆపేశాం. తొడుగు తలుపు దగ్గర చీలింది. రెండోసారికి చీలిక కిటికీ దాకా పాకింది.

బావ కత్తి తీశాడు. "నా తొడుగే బరువు, బామ్మర్దీ. పెరికేస్తా."

"ఆరు నెలల పని, బావా."

"ఎగరని దానికి అందం యాల?"

మూటల మీద కూర్చున్న నాయన అడిగాడు, "రెక్కలు తూచింది ఎవురు?"

"నేనే."

"ఎట్ల తూచినావో చూపించు."

ఒక్కో పళ్లెంలో ఒక్కో రెక్క పెట్టి చూపించాను. ఒక పళ్లెం గింజంత కిందికి దిగింది. నా చెయ్యి అక్కడే ఆగింది, ఎప్పటిలాగే. మా అంగట్లో ముల్లు సమంగా నిలిస్తే అది తూకమే కాదు. సరుకు పక్క కాస్త వాలాలి, లేకుంటే గిరాకీ మొహం ముడుచుకుంటుంది.

నాయన చూశాడు. "దాన్ని ఎవురికన్నా అమ్మతా ఉండావా?"

బావ కత్తి మడిచాడు. "అయితే తొడుగు మీద తప్పు లేదు."

"లేదు బావా. నాదే."

"ఊరందరి దగ్గరా కొసరు గుంజేవాడివి. అంగడి బయట నువ్వు కొసరు పోసింది ఈ రెక్క ఒక్కదానికే."

తేలిక రెక్క కొసకు రంగు టేపు చుట్టాను. తీసి, చించి, మళ్లీ చుట్టాను. ముల్లు నడిమికి వచ్చి నిలిచింది. ఆ తక్కెడను అలా చూడటం నచ్చక నాయన మొహం తిప్పుకున్నాడు.

బావ తలుపు చీలికకు చిన్న పట్టీ అతికించాడు. అది ఆరాక నేను మీటలు పట్టుకున్నాను. హెలికాప్టర్ మోకాలెత్తు లేచి, అక్కడే నిలిచింది. నేను దాన్నే చూస్తున్నాను. బావ మాత్రం వంగి, ఆ తలుపునే చూస్తున్నాడు. అతికించిన పట్టీ కదలలేదు.