జాబితాలోకి రాని పేరు

ఎనభైల చివర్లో జహీరాబాద్ దగ్గరి ఒక చక్కెర ఫ్యాక్టరీలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చిన ఆడపిల్లను మా వాడకట్టులో అప్పటికి నేనొక్కదాన్నే. ఫ్యాక్టరీవాళ్లు కొత్తగా ఒక కంప్యూటర్ కొన్నారు. దుమ్ము పడకుండా పరదాలు కట్టిన గదిలో పెట్టారు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి.

దాన్ని తెచ్చింది ఒక్క పని కోసమే. ఏ రైతు చెరుకు ఏ రోజు నరకాలో చెప్పే చీటీని కటింగ్ ఆర్డర్ అంటారు. అది లేనిదే బండి గేటు దాటదు. ముందు నాటినవాళ్లకు ముందు రావాలి. కాని చేత్తో జాబితా రాసిన రోజుల్లో తెలిసినవాళ్ల పేర్లు పైకి ఎక్కేవి, తెలియనివాళ్లవి కిందికి జారేవి. అది ఆపాలని, రైతుల చెరుకు వ్యవహారం చూసే మా కేన్ ఆఫీసర్ పట్టుబట్టి కంప్యూటర్ తెప్పించారు. నిక్కచ్చి మనిషి. ఆయన కింద పనిచేస్తున్నందుకు నాకు గర్వంగా ఉండేది.

ఫీల్డ్‌మన్‌లు ఊళ్లు తిరిగి రాసుకొచ్చిన కాగితాలు చూసి వివరాలన్నీ నేనే టైపు చేసేదాన్ని. ఒక రైతుకు ఒకటే మడి ఉంటే ఇంకొకరికి నాలుగు ఉండేవి. అందుకని ఒక్కో రైతు వివరాల ముందు ఒక మొదలు గుర్తు, చివర ఒక ముగింపు గుర్తు కొట్టాలని నియమం పెట్టుకున్నాను. వాటిని చదివి జాబితా అచ్చువేసే ప్రోగ్రాం నేనే రాశాను. టైపు చేసినదాంట్లో తప్పులు పట్టుకునే తనిఖీ ప్రోగ్రాం కూడా నేనే రాశాను. ఆ ఏడు తనిఖీలో ఒక్క తప్పూ రాలేదు.

చలి తగ్గుతున్న రోజుల్లో న్యాల్‌కల్ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై దాటిన మనిషి. గది గుమ్మం బయటే నిలబడి, నాటినప్పుడు ఫ్యాక్టరీ ఇచ్చిన కాగితం తీసి చూపించాడు.

"బిడ్డా, నా పేరు రాలేదంటున్నరు. నా ఎన్క నాటినోళ్లకు సుత చీటీలొచ్చినయ్. జర సూడు."

చూశాను. కంప్యూటర్‌లో ఆయన పేరు ఉంది. మడులు ఉన్నాయి, నాటిన తేదీ ఉంది. "ఉన్నది కాకా, ఫికర్ చెయ్యకు," అని జాబితా మళ్లీ అచ్చువేశాను. అందులో ఆయన పేరు లేదు. తనిఖీ నడిపాను. తప్పులేమీ లేవని వచ్చింది.

ఆఫీసర్ దగ్గరికి పోయి, ఈ ఒక్క చీటీ చేత్తో రాసిద్దామని అడిగాను.

"ఇయ్యాల ఒకటి రాస్తే రేపు పదిమంది వస్తరమ్మా. చేత్తో రాసుడు బంద్ చెయ్యాలనే గద ఇది తెచ్చింది. తప్పు ఏడుందో పట్టు. జాబితాల పేరు రాంగనే సంతకం పెడ్త," అన్నారు.

ఆయన మాటలో అన్యాయం ఏమీ కనిపించలేదు. వెతకడం మొదలుపెట్టాను. కర్ణాటక సరిహద్దులోని ఆయన ఊరి కన్నడ పేరు పొడుగ్గా ఉండి ఇబ్బంది పెడుతోందేమోనని కుదించాను. తేదీ మార్చి కొట్టాను. ఫ్లాపీ పాడైందేమోనని అంతా ఇంకో ఫ్లాపీలోకి ఎక్కించాను. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. ఆయన వివరాలు ఒక్కటే విడిగా టైపు చేసి నడిపితే పేరు చక్కగా వచ్చింది. తిరిగి అందరి మధ్య పెడితే మాయమైంది. అన్నం ముందు కూర్చున్నా నా కళ్లకు ఆ తెరే కనిపించేది. నేను చదివింది ఒట్టి అబద్ధం, నాకు ఏమీ రాదు అనిపించేది.

ఆయన రెండు రోజులకోసారి బస్సెక్కి వచ్చేవాడు. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. వరండాలో కూర్చుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేవాడు. ఒకరోజు, "పూత పట్టింది బిడ్డా, ఇగ రసం తగ్గుతది," అన్నాడు. ఆ తర్వాతి వారం ఒక చెరుకు గడ తెచ్చి నా ముందే విరిచాడు. లోపల తెల్లగా, పొడిగా ఉంది. "బెండు పడుతున్నది," అన్నాడు.

మూడో వారంలో మొత్తం వివరాలు కాగితాల మీద అచ్చువేసి, వరండాలో పరిచి, స్కేలు పెట్టి ఆయన పేరు తగిలేదాకా ఒక్కో వరుసా చదివాను. తప్పు ఆయన వివరాల్లో లేదు. ఆయన పైనున్న రైతు దగ్గర ఉంది. ఆ రైతు చివర ముగింపు గుర్తు లేదు. నా వేలు ఆ మీట నొక్కలేదు. ముగింపు కోసం వెతుకుతూ పోయిన ప్రోగ్రాం, కింది మనిషి మడులను కూడా పై మనిషి లెక్కలోనే కలిపేసుకుంది. తనిఖీ చూసేది మొత్తం భూమి సరిపోయిందా లేదా అని. భూమి సరిపోయింది. మనుషులు సరిపోయారా అని చూడాలని నాకు తోచలేదు. రెండూ ఒకే బుర్రతో రాసినవి మరి.

గుర్తు కొట్టాను. పేరు వచ్చింది. ఆఫీసర్ అప్పుడే సంతకం పెట్టారు. కాని నరికేవాళ్ల ముఠా రాయికోడ్ అవతల ఉంది. వాళ్లు ఆయన చేను చేరేసరికి ఇంకో వారం గడిచింది. చెరుకు ఎండిపోయిందని మొదటి బండిని గేటు దగ్గరే వాపసు పంపారు. మిగిలినదానికి ఆయన నిప్పు పెట్టాడు.

ఆ మాట చెప్పడానికి ఆయనే వచ్చాడు. నేను దాచలేదు.

"తప్పు నాదే కాకా. ఒక్క గుర్తు కొట్టుడు మర్చిపోయిన."

"ఒక్కటేనా?" అన్నాడు. అంతే, లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మళ్లీ కనిపించలేదు.

తనిఖీని మార్చి రాశాను, మనుషులను కూడా లెక్కపెట్టేటట్టు. నడిపితే అట్లాగే జాబితాలోకి రానివాళ్లు ఇంకో ముగ్గురు బయటపడ్డారు. వాళ్లెవరూ ఫ్యాక్టరీకి రాలేదు, అడగలేదు. ఆఫీసర్‌కు చూపించాను. ఆయన కాగితం చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "సీజన్ అయిపోయింది గదమ్మా," అన్నారు.

ఒక ఆదివారం ఆ ముగ్గురిలో ఒకరి ఊరికి పోయాను. రాయికోడ్‌లో బస్సు దిగి నడవాలి. చేను ఖాళీగా ఉంది. ఒకామె మోళ్లు తవ్వుతోంది. చెరుకు ఏం చేశారని అడిగాను.

"ఏం చేస్తం. పచ్చగున్నంత పశువులకేసినం. ఎండింది కాలవెట్టినం."

"ఫ్యాక్టరీకొచ్చి అడగకపోయిన్రా?"

"ఏమని అడగాలె? ముందట చేత్తోటి రాసినప్పుడు కొట్లాడి అడుగుతుంటిమి. ఇప్పుడు మిషన్ రాస్తదంట గద. మిషన్‌కు మనోళ్లు, పరాయోళ్లు ఉండరు. మేమే ఏదో తప్పు రాసిచ్చినమనుకున్నం."

ఆమె పార పక్కన పెట్టి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. "నువ్వెవరి బిడ్డవు? ఎవరింటికొచ్చినవు?" అని అడిగింది. జహీరాబాద్ అన్నాను, ఇటు పనిమీద వచ్చానన్నాను. తప్పు మీది కాదు నాదని దారి పొడుగునా అనుకున్న మాట చెప్పలేదు. నీళ్లు తాగి, లోటా ఆమె చేతికిచ్చి, బస్సు కోసం వెనక్కి నడిచాను.

మిగతా ఇద్దరి ఊళ్లకు పోయే ధైర్యం నాకు ఎప్పటికీ రాలేదు.