దూలగొండి గింజలు

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళు మొదటిసారి ఓటేసిన ఎన్నికలు జరిగిన ఏడాది డర్బన్‌కు ఉద్యోగానికి కొత్తగా వచ్చాను. క్లెయిర్‌వుడ్ పేట వైపు వెళ్ళే బస్సు కుదుపుకు నేను “అమ్మో” అనగానే, తెలుగువాణ్ణని పోల్చుకుని పక్క సీటు ముసలావిడ నా చెయ్యి పట్టుకుని కిటికీలోంచి ఒక గోడౌన్ చూపించింది.

“అదంతా హాలండు సరుకు బాబూ. మిషన్లు, పాలపొడి, పూలగడ్డలు. జర్మనీవోళ్ళు, బెల్జియమోళ్ళు కొన్నాక మిగిలింది ఇక్కడికి వస్తాది. ఆ నేల మా నాన్న కూరల తోట. ఫ్యాక్టరీలకని తెల్లోళ్ళ సర్కారోళ్ళు లాగేసుకున్నారు.”

కొంగుముడి విప్పింది. అందులో దూలగొండి గింజలు.

“ఆ గోడౌన్ కంచె పొడుగూతా నాటతన్నాను. కాయ నూగు తగిలితే ఒళ్ళంతా దురదే. మూటలు మోసేవోళ్ళకి వార్నింగ్ ఇచ్చాను. గోడౌన్ ఆఫీసువోళ్ళకి ఇవ్వలేదు. గోక్కుని చావనీ!”

ఆ ఆఫీసులోనే చేరానని ఆవిడకు చెప్పలేదు. కంచె సంగతి ఆఫీసులోనూ చెప్పలేదు. ఆ ఎండాకాలమంతా పొడుగు చేతుల చొక్కాలే వేసుకున్నాను.