చాయకు ముందు వేసుకోవాల్సిన మాత్ర

ఇది 2022 వానాకాలం నాటి సంగతి. దంతాలపల్లి మండలంలోని ఒక ఊళ్లో, సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. ఏఎన్ఎం అంటే ఊరి నర్సమ్మ అనుకోండి. గర్భిణుల పేర్లు నమోదు చేయడం, పిల్లలకు టీకాలు వేయడం, బీపీ, షుగర్ చూడటం, మందులు ఇవ్వడం మా పని. ఇవ్వడం తేలికే. అవి నోట్లో పడేలా చూడటంలోనే మా ఉద్యోగమంతా అరిగిపోతుంది. ఊళ్లో చిన్నవాళ్లు నన్ను సిస్టరక్క అంటారు, పెద్దవాళ్లు సిస్టరమ్మ అంటారు, మందులు వేసుకోనివాళ్లు నన్ను చూడగానే పక్క సందులోకి తిరుగుతారు.

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, పొద్దున్నే ఎలా లేవాలో, లేచి ఏం తాగాలో, ఎంతసేపు కళ్లు మూసుకుని కూర్చోవాలో చెప్పేవాళ్లు వరుసగా వస్తున్నారు. వాళ్ల మాటలు విన్నప్పుడల్లా నాకు రజిత గుర్తొస్తుంది. ఒక మనిషి పొద్దు ఎలా మొదలవుతుందో తెలుసుకోకుండా దాన్ని మార్చాలని చూస్తే ఏమవుతుందో నాకు చూపించింది ఆ అమ్మాయే.

రజితకు పాతికేళ్లు ఉంటాయి. భర్త నరేష్ ట్రాక్టర్ నడుపుతాడు. కొంచెం మిర్చి, కొంచెం పత్తి, ఒక పాడి బర్రె. ఇంట్లో ఈ ఇద్దరు కాక అత్త ఉప్పలమ్మ. అంతకు ముందు రజితకు రెండుసార్లు కడుపు పోయింది, రెండూ మూడో నెలలోనే. మళ్లీ నెల తప్పి సెంటర్‌కి వచ్చిన రోజు ఆ అమ్మాయి ముఖంలో సంతోషం లేదు. బల్ల మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని అడిగింది.

“అక్క, గిదన్న నిలుస్తదా?”

ఇలాంటి ప్రశ్నకు మాకు ట్రైనింగులో జవాబు నేర్పరు. నిలుస్తుందని చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. రక్తం తీసి పంపుదాం అన్నాను.

రిపోర్టులో టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా వచ్చింది. మెడలో థైరాయిడ్ అనే గ్రంథి ఉంటుంది. అది మందగిస్తే, పనిచేయమని దాన్ని తరమడానికి మెదడు కింద నుంచి వచ్చే హార్మోను టీఎస్‌హెచ్. తరుముడు ఎక్కువైందంటే గ్రంథి బద్ధకిస్తోందని అర్థం. కడుపుతో ఉన్నప్పుడు అలా ఉంటే కడుపు నిలవకపోయే భయం పెరుగుతుంది, బిడ్డ మెదడు ఎదుగుదలకూ మంచిది కాదు. దీనికి మందు చిన్న తెల్ల మాత్ర. పొద్దున్నే ఖాళీ కడుపుతో, ఉత్త నీళ్లతో వేసుకోవాలి. తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట, కడుపులో ఇంకేమీ పడకూడదు. వెంటనే పాలో చాయో తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. ఇదంతా రజితకు విడమరిచి చెప్పాను. తల ఊపింది.

నెల తర్వాత మళ్లీ చూస్తే టీఎస్‌హెచ్ దిగలేదు. మా మెడికల్ ఆఫీసరు డోసు పెంచి, “అసలు వేసుకుంటుందో లేదో కనుక్కోండమ్మా” అన్నారు. రజితను అడిగితే రోజూ వేసుకుంటున్నానంది. మర్నాడు నరేష్ సెంటర్‌కి వచ్చి, ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్పులు నా టేబుల్ మీద పెట్టాడు.

“ఎయ్యకపోతె ఇవి ఖాళీ ఎట్లయితయి సిస్టరక్క? మీ గోలీలే పనిచేస్తలేవేమో.”

అతని గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. మూడో నెల దగ్గరపడుతోంది. ఆ నెల పేరెత్తడానికే ఆ ఇంట్లో అందరూ భయపడుతున్నారు.

నేను రజితను పిలిచి ఒక పద్ధతి చెప్పాను. మాత్ర, నీళ్ల చెంబు తలగడ పక్కన పెట్టుకో. అందరికంటే ముందు లే, మాత్ర వేసుకో, కాసేపు నడువు, స్నానం చెయ్, ఆ తర్వాత నింపాదిగా చాయ తాగు. చెప్తున్నప్పుడు నాకే ముచ్చటేసింది. తర్వాత ఆలోచిస్తే అది మా ఇంటి పొద్దు. మహబూబాబాద్‌లో మా ఇంట్లో చాయ పెట్టేది నేనే, మా ఆయన లేచేసరికి ఎండ కిటికీ ఎక్కుతుంది. ఎప్పుడు తాగాలన్నది నా ఇష్టం. ఆ ఇష్టం అందరికీ ఉంటుందని అనుకున్నాను. రాత్రి తిన్న మూడు గంటలకు వేసుకోవచ్చేమోనని డాక్టరుగారు ఒక మాట అన్నారు కానీ, పొలం నుంచి వచ్చి పొద్దుపోయాక తిని వెంటనే వాలిపోయే ఇంట్లో అది కుదరదు.

రజిత మళ్లీ తల ఊపింది. ఆ ఊపులో ఏదో తేడా కనిపించింది నాకు. అందుకే ఒకరోజు చెప్పకుండా తెల్లారకముందే స్కూటీ మీద వాళ్లింటికి వెళ్లాను.

ఉప్పలమ్మ అప్పటికే లేచి పొయ్యి దగ్గర కూర్చుంది. రాత్రి పాలతో చాయ మరుగుతోంది, అల్లం వాసన వాకిట్లోకి వస్తోంది.

“ఏంది సిస్టరమ్మ, గింత పొద్దుగాల? ఎవలికన్న బాగలేదా?”

“నీ చేతి చాయ తాగుదామని వచ్చిన అవ్వా,” అన్నాను.

నాకో గిలాస ఇచ్చి, ఇంకో రెండు పట్టుకుని ఆమె లోపలికి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది. మంచం పట్టె మీద కూర్చుని, రజిత నుదుటి మీద చెయ్యి వేసి, “లే బిడ్డా” అంది. రజిత లేచి కూర్చుంది, తలుపులోంచి నన్ను చూసింది, చూపు దించుకుంది. తలగడ కింద నుంచి మాత్ర తీసి చాయతోనే మింగింది. అత్తాకోడళ్లు పక్కపక్కన కూర్చుని ఊదుకుంటూ తాగారు. ఉప్పలమ్మ ఒక చెయ్యి కోడలి వీపు మీదే ఉంది. నేను నర్సును, ఇంట్లో అడుగు పెట్టగానే తప్పు వెతకడం అలవాటు. ఆ తప్పు నా కళ్ల ముందే జరుగుతున్నా ఆ క్షణంలో నాకు నోరు తెరవాలనిపించలేదు.

తర్వాత రజిత బర్రెను పిండడానికి కొట్టంలోకి పోతే వెనకే వెళ్లాను.

“తిట్టకు అక్క,” అంది నా వైపు తిరగకుండానే. “సగమే తాగుదామనుకుంట. పక్కనే కూసుంటది, పారబోయరాదు.”

“ఒద్దని చెప్పొచ్చు గదా?”

“ఒక్కరోజు చెప్పిన. గిలాస పట్టుకొని అట్లనే లేచిపోయింది. ఆమె గూడ తాగలే. పొద్దూకేదాంక ముఖం చిన్న చేసుకొని తిరిగింది.” బర్రె పొదుగు కడుగుతూ చెప్పింది. “ఆమె నచ్చి తెచ్చుకున్న కోడల్ని కాదక్క నేను. మొదట్ల పనుంటేనే పిలుస్తుండె. రెండోసారి కడుపు పోయినంక నేను మంచం దిగలే, తల్లిగారింటికి పోత, మల్ల రాను అన్న. గప్పుడు ఒకనాడు పొద్దుగాల చాయ తెచ్చి పక్కన కూసున్నది. ఏం అనలే. తాగు బిడ్డా అన్నది, గంతే. ఆనాటి సంది ఒక్కపొద్దు ఆపలే. గా చాయ లేకపోతె నేను ఈ ఇంట్ల ఉండకపోతుంటి.”

“మరి సంగతేందో ఆమెకు చెప్పాలె కదా.”

“ఏమని చెప్పాలె? నువ్వు తెచ్చే చాయ నా బిడ్డకు మంచిది కాదని చెప్పాల్నా?”

కానీ మూడో నెల ఎవరి కోసమూ ఆగదు. రజిత పాలు పట్టుకుని పాలకేంద్రానికి వెళ్లాక పొయ్యి దగ్గర ఉప్పలమ్మ పక్కన కూర్చున్నాను. గ్రంథి, మాత్ర, నీళ్లు, గంటసేపు ఆగడం, అన్నీ నెమ్మదిగా చెప్పాను. ఆమె అంతా విని, పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, నా ముఖంలోకి చూసింది.

“అయితె గా ఇద్దరు నా చాయతోనే పోయిన్రా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను అంత కదిలించిన ప్రశ్న ఇంకొకటి లేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“జర ఇను అవ్వా. నువ్వు చాయ తెచ్చుడు ఎప్పటి సంది? రెండోసారి పోయినంకనే కదా. అంతకుముందు చాయ లేదు, గోలీ లేదు. వాళ్లు ఎందుకు పోయిన్రో డాక్టరు గూడ గట్టిగ చెప్పలేడు. నీ చాయతోని మాత్రం కాదు. నీ చాయతోనే నీ కోడలు మంచం దిగింది.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “రేపటి సంది చాయ బంద్ జేస్త,” అంది.

“బంద్ జెయ్యకు అవ్వా. జర ఎనుకకు జరుపు.”

ఎలా జరపాలో చెప్దామని నేను నోరు తెరిచేలోపే ఆమె లెక్క వేసేసింది. “నేనెట్లన్న ముందే లేస్త. నీళ్లు, గోలీ తెచ్చి దాని చేతిల పెడ్త. మల్ల జరసేపు పండుకోమంట. నేను వాకిలి ఊడ్చి, అలుకు సల్లి, బర్రెను పిండి, పాలు పోసి వచ్చినంక చాయ పెడ్త. గప్పటికి గంట కాదా?”

“అయితది. కని నువ్వు తాగొచ్చు కదా లేవంగనే. నీకేం గోలీ లేదు.”

“ఒక్కదాన్ని ఎట్ల తాగుత?” అంది ఉప్పలమ్మ, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

లేవగానే చాయ తాగడం ఆమెకు పెళ్లయిన కొత్త నుంచి ఉన్న అలవాటు. అది తప్పేసరికి మొదటి వారం తలనొప్పితో తలకు గుడ్డ కట్టుకుని తిరిగింది. బర్రె రజిత చేతికి అలవాటు పడ్డది, ఉప్పలమ్మను చూసి అలిగి పాలు ఎగబట్టింది. నరేష్ దారిలో కనిపించి, “గోలీ రజితకు, తలనొప్పి మా అవ్వకు, తిట్లు నాకు సిస్టరక్క,” అన్నాడు. పొద్దున్నే పక్కింటావిడ చాయపత్తి కోసం వస్తే, కోడలు చాయ తాగే యాళ్ల కాలేదని ఉప్పలమ్మ వాకిట్లోంచే పంపించేసిందట. నేను చెప్పిన పద్ధతిలో నడక ఉంది, స్నానం ఉంది, అన్నీ ఉన్నాయి, పక్కన మనిషి లేదు. ఆమె కట్టిన పద్ధతిలో ఆ మనిషి ఉంది. అందుకే అది నిలబడింది.

తర్వాతి రిపోర్టు ఫోన్‌కి వచ్చినప్పుడు సెంటర్లో టీకాల రద్దీ. ఒళ్లో ఒకరి పిల్లాణ్ని పెట్టుకునే చూశాను. టీఎస్‌హెచ్ బాగా దిగింది. ఫోన్ చేస్తే ఉప్పలమ్మ ఎత్తింది.

“తగ్గింది అవ్వా.”

అటువైపు ముక్కు చీదిన చప్పుడు. ఏడుస్తోంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒళ్లోని పిల్లాడి మీద పడకుండా తుడుచుకున్నాను.

మూడో నెల దాటింది. నాలుగోదీ దాటింది. ఐదో నెలలో బిడ్డ కదిలిందని రజిత ఫోన్ చేసి చెప్పింది. ఏడో నెలలో తొలికాన్పుకు తల్లిగారు వచ్చి తీసుకుపోయారు. ఉప్పలమ్మ పొద్దున్నే ఫోన్ చేసి గోలీ వేసుకుందో లేదో అడిగేది, బర్రె పని అయ్యాక మళ్లీ చేసేది. అప్పుడు అక్కడ ఆమె, ఇక్కడ ఈమె చాయ తాగేవారు. శివరాత్రికి అటూ ఇటూగా ఆడపిల్ల పుట్టింది. మాత్ర వల్లే నిలిచిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ అది కడుపులో పడి పనిచేసిందని చెప్పగలను, పడేలా చేసిందెవరో కూడా చెప్పగలను.

అప్పటి నుంచి నేను ఎవరికైనా పొద్దున వేసుకునే మందు ఇస్తే ముందు ఒకటే అడుగుతాను. లేవగానే ఏం చేస్తావు, అప్పుడు పక్కన ఎవరుంటారు? అడిగి నోరు మూసుకుంటాను. నాకు అది అన్నిటికంటే కష్టమైన పని. వాళ్లు చెప్పే పొద్దులో ఏది వాళ్లను నిలబెడుతుందో దాన్ని ముట్టుకోను. దాని ముందో వెనకో మాత్రకు కాస్త చోటు అడుగుతాను. రాత్రంతా కాపలా కాసే వాచ్‌మన్‌కు పొద్దు సాయంత్రం మొదలవుతుంది. అతనికీ ఒక పొద్దు ఉంటుంది కదా.

పాప మూడో నెలలో రజిత అత్తగారింటికి తిరిగొచ్చింది. టీకా వేయడానికి పొద్దున్నే వెళ్లాను. కాన్పు తర్వాత డోసు తగ్గించారు గానీ మాత్ర మాత్రం ఉంది. ఇంట్లో పాత పద్ధతంతా తలకిందులైంది. రజిత కళ్ల కింద నల్లగా ఉంది, కూర్చునే తూగుతోంది. మాత్ర సంగతి ఎలాగని నేను అడగబోతుంటే, పాపను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్న ఉప్పలమ్మే చెప్పింది.

“గిది తెల్లారకముందే పాలకు లేస్తది. గప్పుడే దాని తల్లికి గోలీ ఏస్తున్న.” పాప వీపు నిమురుతూ నా వైపు చూసింది. “ఈ ఇంటికి వచ్చినకాడి నుంచి అందరికన్న ముందు నేనే లేస్తుంటి సిస్టరమ్మ. ఇప్పుడు నాకన్న ముందు లేచేది వచ్చింది.”