తిండికే పిలవాల్సిన పిలుపు

చోడవరం నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి పందిని కొనడానికి, రెండోసారి ఆ పంది పోయిందని చెప్పడానికి. విశాఖపట్నంలో ఒక డాక్టరుగారి పరిశోధనశాలలో జంతువుల్ని చూసుకునే పని నాది. ఆయన కాలిన గాయాలకు కొత్త లేపనం తయారు చేస్తున్నారు. పంది చర్మం మన చర్మానికి దగ్గరగా ఉంటుందట, అందుకని మనిషికి రాసేముందు పందికి రాసి చూడాలన్నారు. అలా చోడవరం అవతల పైడమ్మ అనే ఆవిడ దగ్గర బుడ్డి అనే నల్లటి ఆడపందిని కొన్నాను. ఇచ్చేటప్పుడు ఆవిడ నా దగ్గర రెండు మాటలు తీసుకుంది. ఒకటి తప్పాను. పంది పోతే వచ్చి చెప్పాలన్నది రెండోది. అదైనా నిలబెట్టుకుందామని ఈ మాఘమాసంలో బయల్దేరాను.

వాల్తేరులో పొద్దున్న ఆరున్నర ప్యాసింజరు ఎక్కితే ఎనిమిదికల్లా అనకాపల్లిలో దిగొచ్చు. అక్కణ్ణించి చోడవరం బస్సుకి ఆరణాలు. నిండితే గాని కదలదు, కదిలాక చెరుకు బళ్లు అడ్డం. ముందు సీట్లో కూర్చున్నానేమో, డ్రైవరు నన్ను ఆనవాలు పట్టేశాడు. మొదటిసారి పందిని బస్సెక్కించనన్నాడని నేను పెద్ద గొడవ పెట్టాను లెండి. ఆ రోజు ఎడ్లబండి మీద అనకాపల్లి చేరేసరికి నాలుగు గంటలు పట్టింది.

"ఏటి బాబూ, మళ్లీ పందికేనా?"

"కాదు. అది పోయింది. పెంచినావిడకి చెప్పాలి."

"పంది పోతే కబురేటి బాబూ," అని నవ్వబోయి, నా మొహం చూసి రోడ్డు వైపు తిరిగిపోయాడు.

చోడవరంలో దిగి హోటల్లో రెండిడ్లీ తీసుకున్నాను. ఒకటి ఆకులోనే వదిలేసి లేచాను. అక్కణ్ణించి పొలాల గట్టు మీద రెండు మైళ్ల నడక. దారి పొడుగునా బెల్లం పెనాలు ఉడుకుతున్నాయి. ఆ వాసనకి నాకు పైడమ్మ చెయ్యే గుర్తొచ్చింది. మొదటిసారి వెళ్లినప్పుడు పందిని ఇవ్వనంటే ఇవ్వనంది. కాలినవాళ్లకి మందు కోసమని చెప్పాక పైట తప్పించి కుడిచెయ్యి చూపించింది. మోచేతి నుంచి వేళ్లదాకా ముడుచుకుపోయి ఉంది.

"సిన్నప్పుడు బెల్లం పాకం పడింది బాబూ. ఆ మందేదో అప్పుడుంటే నాకీ వేళ్లు సాగును. తీస్కెల్లు."

కొత్త చోట తిండి ముట్టదేమోనని పిలుపు కూడా నేర్పింది. తవుడు డబ్బా మూడుసార్లు తట్టి, "దా తల్లీ, దా" అనాలి. నేర్పి, మాట తీసుకుంది. "ఇది తిండికే బాబూ. సంపడానికి మేం పిలవం, వలేసి పడతాం. పిలిసి సంపితే ఇంకెవర్ని నమ్ముతాదది?"

నాలుగు నెలలు ఆ పిలుపుతోనే తిండి పెట్టాను. డాక్టరుగారు మత్తిచ్చి వీపు మీద చిన్న చిన్న వాతలు పెట్టి, లేపనం రాసేవారు. గాయాలు చక్కగా మానాయి. చివరికి దాన్ని చంపి, చర్మం లోపల ఎలా మానిందో కోసి చూడాలన్నారు. ఆ రోజు దానికేం తెలిసిందో, కొట్టం మూలకి నక్కింది. నలుగురం కలిసి లాగినా రాలేదు. డాక్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. నేను డబ్బా తట్టాను.

పదకొండింటికి పైడమ్మ ఇంటికి చేరాను. వాకిట్లో కుడితి కలుపుతోంది. విషయం చెప్పాను.

"మందు పనిసేసిందా?" అంది ముందు.

"చేసింది. డాక్టరుగారు ఓ సీసా పంపారు. పాత మచ్చలకి పనికిరాదు, అప్పుడే కాలినదానికైతే రాయొచ్చన్నారు."

సీసా తీసుకుని కొంగులో ముడేసుకుంది. "పెనాల కాడోలకి ఇస్తాను." మళ్లీ కుడితి కలుపుతూ అడిగింది. "వలేసి పట్టేరా?"

అవునందామనే దారంతా అనుకుంటూ వచ్చాను. ఆ చెయ్యి చూశాక నోరు రాలేదు. "లేదు. పిలిచాను."

"ఒచ్చిందా?"

"వచ్చింది."

"పరిగెట్టొచ్చిందా?"

"పరిగెత్తుకునే వచ్చింది."

పైడమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వు సెప్పకపోతే నాకు తెలీదు కద బాబూ," అంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను.

బస్సుకి టైముందని అక్కడే కూర్చుండిపోయాను. మూడు గంటలకి మిగతా పందులకి కుడితి పోసే వేళయింది. పైడమ్మ డబ్బా మూడుసార్లు తట్టింది. కోసిన చేల మీంచి అవి పరుగున వచ్చి కంచె దగ్గర ఆగి, మాట కోసం ఆవిడ వంక చూశాయి. ఆవిడ నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తట్టింది. అవి అక్కడే నిలబడి ఉన్నాయి.

ఆ లేపనం మంచిదే. పెనం దగ్గర కాలిన ఏ పిల్లకైనా దానివల్ల చెయ్యి దక్కితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. అది తయారవ్వాలంటే బుడ్డి పోక తప్పదేమో, అదీ ఒప్పుకుంటాను. కానీ అందుకు అది నా గొంతు నమ్మి రానక్కర్లేదు. ఇలాంటి పని మీద చోడవరం వెళ్లేవాళ్లకి ఒక్క మాట. తిరుగు బస్సు అయిదున్నరకి, అది తప్పితే మరి లేదు. వెళ్లేటప్పుడు వల పట్టుకెళ్లండి. పిలుపు మాత్రం నేర్పమని అడక్కండి.