నేను బిగించని నట్టు

నా చిన్నప్పుడు నా చేయి ఎంత సన్నగా ఉండేదంటే, పెద్దవాళ్ల వేళ్లు దూరని సందుల్లోకి మోచేతి దాకా పోయేది. ఆదోనిలో మా తాతకు కార్ల రిపేరు షెడ్డు ఉండేది. షెడ్డులో ఉన్న పనిముట్లన్నిటికన్నా నా చేయే మంచిదని ఆయన అందరితో చెప్పుకునేవాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

అప్పటికే తాత కళ్లు మసకబారాయి. ఆ మాట బజార్లో పాకి, బండ్లు రావడం తగ్గింది. అలాంటి రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి ఒకాయన తన తండ్రి కొన్న పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఇంజను ఎక్కడో బాగుచేయించారట. దాని చుట్టూ ఉండాల్సిన రేకులు మాత్రం గోనెసంచిలో పడి ఉన్నాయి. ఏది ఎక్కడిదో ముగ్గురు మెకానిక్కులు తేల్చలేకపోయారు. తమ్ముడి పెళ్లికి ఆ కారులోనే పోవాలని ఆయన పట్టుదల. ఈ ఒక్క కారు సరిగ్గా నడిస్తే చాలు, షెడ్డు నిలబడుతుందని తాత అవ్వతో అనడం నేను విన్నాను.

తాత రేకులన్నీ నేల మీద పరిచి బొటనవేలితో తడిమాడు. రాళ్ల దెబ్బలకు గుంటలు పడినది ఇంజను కిందిది. అంచున మట్టి గట్టిపడినది చక్రం పక్కది. వేడికి ఒక ముఖమంతా గరుకెక్కినది పొగగొట్టానికీ కార్బురేటర్‌కూ మధ్య అడ్డుగా ఉండాల్సింది. అది జారితే గొట్టం వేడికి పెట్రోలు మరిగి ఇంజను ఆగిపోతుందని నాకు చెప్పాడు.

ఆయన పద్ధతి ఆయనకుండేది. ముందు బోల్టులన్నీ వదులుగా తగిలించి, రేకులు సర్దుకున్నాకే ఒక్కొక్కటి బిగించి, బిగించినచోట సుద్దతో గీత పెట్టేవాడు. కనపడని చోట, లోపల చేయి పెట్టినవాళ్లు నట్టు పట్టిందంటేనే గీత. ఆ మాట మీద మళ్లీ తడిమి చూడటం ఉండదు. అలా చూడటం పనిచేసినవాళ్లను అవమానించడమని ఆయన నమ్మకం.

అడ్డురేకు వెనుక చివరి నట్టు నాది. మూడుసార్లు జారింది. రేకు అంచు మణికట్టును గీరింది. బయట మా వీధి పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. నాలుగోసారి నట్టు ఎక్కడో లోపలికి పడిపోయింది.

"పట్టిందా పాపా?"

"పట్టింది తాతా."

ఆయన గీత పెట్టాడు. కారాయన నడపగా పక్కన కూర్చుని బస్టాండు దాకా పోయి వచ్చాడు. కారు బాగానే నడిచింది. ఆ రోజు సాయంత్రం తాత నవ్వుతూ ఉన్నాడు.

మూడోనాడు ఆ కారును ట్రాక్టరు వెనుక తాడుతో కట్టి లాక్కొచ్చారు. పెళ్లికి పోతుంటే గతుకుల్లో రేకు జారి, నడిదారిలో ఆగిపోయిందట. కారాయన దిగి, బజారంతా వింటుండగా అన్నాడు:

"ఏం మేస్త్రీ, కండ్లు పోయినాయని ముందే సెప్పింటే యాడన్నా ఇచ్చుకుంటాంటిమి గదా. పెండ్లిలో నగుబాటు చేస్తివి."

తాత వంగి అడ్డురేకు వెనుక వేళ్లతో వెతికాడు. బోల్టు మరచుట్ల మీద ఆయన పూసిన గ్రీజు పూసినట్టే ఉంది. దాని మీదికి నట్టు ఎక్కనే లేదని ఆ వేళ్లకు తెలియకుండా ఉండదు. ఆయన ముఖం ఒక్కసారి నా వైపు తిరిగింది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నా కండ్లదే తప్పన్నా," అన్నాడు తాత. "ఆ నట్టు నేనే మరిసినా."

ఆ తర్వాత కార్లు రాలేదు. ఏడాది తిరగకముందే షెడ్డు టైర్ల కొట్టుగా మారింది. తాత నన్ను ఏమీ అడగలేదు. రోజూ లాగే జొన్నరొట్టె తుంచి నా పళ్లెంలో వేసేవాడు. అడిగితే ఏడ్చి చెప్పేద్దామని చాలా రోజులు ఎదురుచూశాను. మూసేసే ముందు షెడ్డుకు ఒక పాత స్కూటరు వచ్చింది. సందులో నట్టు కోసం ఆయన తన లావుపాటి వేళ్లే దూర్చి, తోలు లేచిపోయేదాకా తిప్పలు పడ్డాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్ను పిలవలేదు.

నేను డిగ్రీలో ఉండగా ఆయన పోయాడు. అప్పటికీ నేను చెప్పలేదు.

ఇప్పుడు నాకు ఐదేళ్ల కూతురు. పళ్లు తోముకున్నానంటుంది, పోయి చూస్తే బ్రష్షు పొడిగా ఉంటుంది. నేను వదలను. పిలిచి కూర్చోబెట్టి, నిజం చెప్పేదాకా అడుగుతాను. పసిదాన్ని పోలీసు మాదిరి నిలదీస్తావేమే అని మా ఆయన కోప్పడతాడు. ఆయన అనేది నిజమేనేమో, నాకు తెలియదు. అది ఏడుస్తుంది, ఏడ్చి చెప్పేస్తుంది. చెప్పిన ఐదు నిమిషాలకే నిద్రపోతుంది. దాని పక్కన నేను మేలుకొని ఉంటాను.